నువ్వు రాసిన ఒడుగు

శాలిబండ,
12 ఏప్రిల్ 2007

సాహిత్యా,

నువ్వు మార్చి 24న రాసిన ఉత్తరం నిన్న, పద్దెనిమిదో రోజున అందింది. అంతకుముందుది పదమూడు రోజులకే వచ్చింది కనుక ఆలస్యం ఎక్కడ జరిగిందా అని కవరు మీది ముద్రలు చూశాను. నైరోబీలోనే అయిదు రోజులు కూర్చుంది.

ఫోన్ చేస్తానన్నావు, వద్దు. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవికి సగం వినిపిస్తుంది కానీ ఆ సగం ఏ సగమో తెలియదు. ఫోన్ హాల్లో ఉంది, నేను అరిస్తే వీధికంతా తెలుస్తుంది. ఉత్తరమే రాయి.

నువ్వు కెన్యాకు ఎయిడ్స్ పరిశోధనలో అంకెలు చూసే పనికి వెళ్లావని మాత్రమే ఇన్నాళ్లూ తెలుసు. ఇప్పుడు ఇలా రాశావు: "ఇక్కడ పెద్దవాళ్లకు ఒడుగులు చేయిస్తున్నారు మామ్మా. చేయించుకున్నవాళ్లకు ఆ జబ్బు అంటుకోవడం సగానికి పైగా తగ్గింది." రెండుసార్లు చదివాను. మన ఒడుగు ఆ దేశం దాకా ఎలా చేరిందో నాకు అర్థం కాలేదు. అక్కడ గుజరాతీ వర్తకులు చాలామంది ఉన్నారని ఒకసారి రాశావు, వాళ్లవల్ల కావచ్చు. మెడలో జంధ్యం పడి, నాలుగు నియమాలు చెవిన పడితే మనిషి కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుంటాడు. జబ్బు తగ్గడంలో వింత లేదు. కానీ పెద్ద వయసులో వేయించుకున్నవాళ్లు ఎన్నాళ్లు నిలబెట్టుకుంటున్నారు? మన ఫణికి ఎనిమిదో ఏట చేస్తే, తొమ్మిదో ఏటికి సంధ్యావందనం పోయింది, పదో ఏటికి జంధ్యం మేకుకు వేలాడింది.

వాడికి ఆ ముక్క చదివి వినిపించాను. నీ తమ్ముడు నా చేతిలోంచి ఉత్తరం తీసుకొని గదిలోకి వెళ్లి చదువుకున్నాడు. పెళ్లి శుభలేఖ కూడా పూర్తిగా చదవని మనిషి. నీ మీద బెంగ పెట్టుకున్నాడేమో.

వాడి పెళ్లి ఆగస్టు 22, బుధవారానికి ఖాయమైంది. పెళ్లికూతురు అమృత వాళ్లు సంతోష్‌నగర్‌లో తమ ఇంటి దగ్గరే హాలు మాట్లాడారు. ఆ పిల్ల బడిలో లెక్కలు చెబుతుంది. మనిషి నిదానం. తల్లీతండ్రీ పోయిన మీ ఇద్దరిలో ఒకరైనా ఒక దారిన పడుతున్నారు. నాకు డెబ్బై ఆరు వచ్చాయి, అలసిపోయాను.

వేళకు తిను.
మామ్మ


కిసుము,
30 ఏప్రిల్ 2007

మామ్మా,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను, తర్వాత సిగ్గుపడ్డాను. తప్పు నాదే.

నేను రాసిన ఒడుగు మన ఒడుగు కాదు. గుంటూరు జిల్లాలో సర్వే చేసినప్పుడు అక్కడి ముస్లింల ఇళ్లలో ఆడవాళ్లు తెలుగే మాట్లాడేవారు. మగపిల్లలకు చేసే సున్తీని వాళ్లు "ఒడుగులు" అంటారు. "మా పిల్లోడి ఒడుగులకు రావాలమ్మా" అని నన్ను పిలిచారు కూడా. నీకు సున్తీ అని రాయడానికి చెయ్యి రాక, మర్యాదగా ఉందని ఆ మాట వాడాను. నలభై ఏళ్లు తెలుగు పాఠం చెప్పినదానివి, నీకు ఆ మాటకు ఒక్కటే అర్థమని నాకు తోచలేదు.

సంగతి ఇది. ఈ ఊరి మగవాళ్లకు ఆ ఆచారం లేదు. మూడువేల మందికి దగ్గరగా పోగుచేసి, సగం మందికి ఆ ఆపరేషన్ ముందు చేశారు, సగం మందికి ఆపారు. రెండేళ్లు చూశారు. వంద మందికి అంటాల్సిన చోట నలభై అయిదు మందికే అంటింది. అందుకని ఆపిన సగానికి కూడా ఇప్పుడు చేస్తున్నారు. పొద్దున ఎనిమిదికి వరస మొదలవుతుంది, సాయంత్రానికి నా కళ్లు అంకెలు తప్ప ఏమీ చూడవు. చేయించుకొని వెళ్లేవాళ్ల మొహాలు చూస్తే భయం వేస్తుంది. ఇక తమకేమీ కాదన్నట్టు ఉంటాయి. నలభై అయిదు అనే మాట ఎవరూ వెంట తీసుకెళ్లరు.

ఇక్కడికి ఉత్తరంగా ఉన్న కొండ ఊళ్లలో ఇది పాత ఆచారం. ఊరేగించి, పిండి పూసి, నిలబెట్టి చేస్తారు. ఒక్కో చోట ఒకే కత్తి పదిమందికి. మా డాక్టర్లకు ఆ కత్తి అంటే గుండెదడ.

ఇదంతా నీకు రాయాల్సి వస్తుందనుకోలేదు. కోపం వచ్చినా జవాబు మాత్రం రాయి. ఫణికి నా మాటగా శుభాకాంక్షలు చెప్పు.

నీ సాహిత్య


శాలిబండ,
4 మే 2007

సాహిత్యా,

నీ జవాబు ఇంకా రాలేదు. దానికోసం ఆగే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

ఫణి లారీల ఆఫీసుకు ఏప్రిల్ 23 నుంచి సెలవు పెట్టాడు. తొడ మీద గడ్డ లేచిందన్నాడు. లుంగీ తప్ప కట్టడు, అడుగులో అడుగు వేసి నడుస్తాడు, పసుపూ ఆవనూనె కలిపి ఇస్తే అంటుకోడు. డాక్టరుకు చూపిస్తాను పదమంటే "లొల్లి జెయ్యకు మామ్మా, తగ్గుతది" అంటాడు. పుట్టింది రాజమండ్రిలో అయినా వాడి నోట్లో మన మాట ఏనాడో పోయింది, అది వేరే సంగతి.

మొన్న పాలు పోస్తూ రుక్మాబాయి గొంతు తగ్గించింది. ఆమె గొంతు తగ్గిస్తే నాకు వినపడదని గుర్తొచ్చి, మళ్లీ పెంచింది. "అమ్మా, గిట్ల అంటున్న అని అనుకోకు. నీ మనుమడు ఖాసిం మియా కాడికి పోయి ఖత్నా చేయించుకున్నడంట. సాయబులల్ల గలుస్తుండా ఏంది?"

ఖాసిం మియా మసీదు సందులో ఉంటాడు. తాతల నాటి నుంచి పిల్లలకు సున్తీ చేసే ఇల్లు అది. ఇరవై ఏళ్లుగా ఎదురుపడితే సలాం చెబుతాడు. ఈ వారం నన్ను చూసి పక్క సందులోకి తిరిగిపోయాడు. రుక్మాబాయి మాట నిజమేనని నాకు అప్పుడే తెలిసింది.

ఎవరో అమ్మాయి ఉంది. ఆమె కోసం మతం మారాడు. నాకు ఇంకో కారణం కనిపించడం లేదు. మారడం వాడిష్టం, దానికి నేను చచ్చిపోను. ఆ పిల్లనే చేసుకుంటానంటే నిలబడి చేస్తాను. కానీ ఇక్కడ అమృత పట్టుచీర అంచు రంగు ఏది బాగుంటుందని నాకు ఫోన్ చేసి, నాకు వినపడలేదని స్వయంగా వచ్చి అడిగి వెళ్లింది. ఇద్దరు ఆడపిల్లలను ఒకేసారి మోసం చేసేవాణ్ణి నేను పెంచానా?

నీకేమైనా రాశాడా? ఉన్నదున్నట్టు చెప్పు.

మామ్మ


కిసుము,
21 మే 2007

మామ్మా,

ఈ ఉత్తరాన్ని ఎవరూ లేనప్పుడు చదువు.

ఫణి మతం మారలేదు. ఏ అమ్మాయీ లేదు. నా మొదటి ఉత్తరంలో ఒడుగు అంటే నీకు తెలియలేదు కానీ వాడికి తెలిసింది. శాలిబండ సందుల్లో పెరిగినవాడు, జబ్బు గురించి రాశానంటే అది ఏ ఒడుగో పట్టుకున్నాడు. నా ఏప్రిల్ ఉత్తరం ఈపాటికి అంది ఉంటే నీకూ అర్థమై ఉంటుంది.

ఇప్పుడు నిన్ను అడగాల్సింది వేరే ఉంది. ఆరోగ్యంగా ఉన్నవాడు, మూడు నెలల్లో పెళ్లి ఉన్నవాడు, ఎవరికీ చెప్పకుండా వెళ్లి అది ఎందుకు చేయించుకుంటాడు? భయపడినవాడు చేయించుకుంటాడు. వాడు లారీల వెంట నాగపూర్, షోలాపూర్ నాలుగేళ్లు తిరిగాడు.

ఆ ఆపరేషన్ ఇంకా జబ్బు అంటని మగవాణ్ణి కొంతవరకు కాపాడుతుంది. ముందే అంటి ఉంటే అది వాడికి చేసే మేలేమీ లేదు. అలాంటివాణ్ణి చేసుకున్న ఆడదానికి కూడా అది అడ్డు కాదు. వాడు ఆగస్టులో అమృతను చేసుకోబోతున్నాడు. రక్తపరీక్ష చేయించుకోకుండా ఆ పెళ్లి జరగకూడదు.

ఫోన్ చేశాను. నా గొంతు విని పెట్టేశాడు. ఇక నువ్వే అడగాలి. తిట్టకు. తిడితే ముడుచుకుపోతాడు. ఇంకొకటి: వాడు నీకేం చెప్పినా అది వాడి మాట. వాడు ఒప్పుకోకుండా ఇంకొకరికి చెప్పే హక్కు నాకూ లేదు, నీకూ లేదు. మా దగ్గర మొదటిరోజు నేర్పేది అదే.

ఒక్క మాట సరిగ్గా రాసి ఉంటే బాగుండేది. నిద్ర రావడం లేదు.

సాహిత్య


శాలిబండ,
9 జూన్ 2007

సాహిత్యా,

నీ ఏప్రిల్ ఉత్తరం మే 15న వచ్చింది. వాడు మతం మారలేదని తెలిసి ఆ రోజు కడుపునిండా తిన్నాను. అక్క మాట విని ఆరోగ్యం కోసం చేయించుకున్నాడు, చెప్పడానికి సిగ్గుపడ్డాడు అనుకున్నాను. నువ్వు అడిగిన ప్రశ్న నాకు తట్టలేదు. ఇరవై రోజులు పోయాయి. నీ మే ఉత్తరం జూన్ 5న అందింది.

వాణ్ణి అడిగే ముందు ఖాసిం మియా దగ్గరికి వెళ్లాను, వాడు అబద్ధం చెబితే తెలుసుకోవడానికి. ఆయన కుర్చీ వేసి, నాకు వినపడేలా పక్కన కూర్చుని చెప్పాడు. బ్లేడు కొత్తదేనా అని అడిగితే, కాగితం విప్పని బ్లేడ్ల పెట్టె తెచ్చి చూపించాడు. పెద్దవాళ్లకు తాను చెయ్యనని రెండుసార్లు వెనక్కి పంపాడట. మూడోసారి వీడు గుమ్మంలో కూర్చుని ఏడ్చాడట. "‘డాక్టర్ కాడికి పో బేటా, మత్తు సుయ్యి ఇచ్చి చేస్తరు, నొప్పి ఉండది’ అన్న. ‘డాక్టర్ ముందుగాల ఖూన్ టెస్ట్ అడుగుతుండు చాచా, గందుకే నీ కాడికొచ్చిన’ అన్నడు." అది చెప్పి, ఆ మాటకు అర్థం తనకు అప్పుడు తెలియలేదని ఖాసిం మియా చెవులు పట్టుకున్నాడు.

నాకు మాత్రం అక్కడే అంతా తెలిసిపోయింది. ఇంటికి నడిచి రావడానికి పట్టే సమయం పది నిమిషాలు, ఆ రోజు అరగంట పట్టింది.

నువ్వు తిట్టవద్దన్నావు, తిట్టలేదు. అన్నం పెట్టి అడిగాను. డబ్బు తీసుకునే ఆడవాళ్ల దగ్గరికి మూడుసార్లు వెళ్లాడు, మూడూ నాగపూర్ దారిలోనే, డ్రైవర్లతో కలిసి. చివరిది పోయిన దీపావళి ముందు. ఆ తర్వాత నెలలో జ్వరం వచ్చి మెడకింద గడ్డలు కట్టి తగ్గాయట. అప్పటి నుంచి భయం. నీ ఉత్తరం, ఆ పైన పేపర్లో వచ్చిన ఒక ముక్క చదివాడు. జబ్బు లోపలికి పోయేది ఆ చర్మం గుండానే అని పేపర్లో ఉంటే, జబ్బు ఉండేదే ఆ చర్మంలో అని అర్థం చేసుకున్నాడు. "గా తోల్లనే ఉంటది మామ్మా, అది తీసేసిన. ఇగ ఫికర్ ఏంది?" అన్నాడు. అంటూ నా మొహం చూడలేదు. వాడికీ ఆ మాట మీద నమ్మకం లేదు.

నీ ఉత్తరం వాడి చేతికిచ్చాను. చదివి మడిచి ఇచ్చాడు. పరీక్షకు రానన్నాడు. "ఉందని తెలిస్తే నేను ఏం గావాలె?" అన్నాడు. మరి అమృత ఏం కావాలి అన్నాను. వాడు లేచి చెయ్యి కడుక్కున్నాడు.

జూన్ 30 శనివారం దాకా గడువు ఇచ్చాను. ఆలోగా పరీక్ష చేయించుకోకపోతే ఆదివారం సంతోష్‌నగర్ వెళతాను.

మామ్మ


కిసుము,
24 జూన్ 2007

మామ్మా,

దయచేసి వెళ్లవద్దు.

నువ్వు చేయబోయేది న్యాయంలాగే కనిపిస్తుంది, నాకు తెలుసు. కానీ ఇక్కడ రోజూ చూస్తున్నాను. ఒకరి సంగతి ఇంకొకరు బయటపెట్టిన మర్నాటి నుంచి ఆ ఇంట్లోవాళ్లే కాదు, ఆ వీధిలో ఎవరూ పరీక్షకు రారు. మొన్న ఒకామె తన భర్త సంగతి మరిదికి చెప్పింది, ఆ భర్త ఊరు వదిలి వెళ్లిపోయాడు. ఫణి కూడా వెళ్లిపోతే? లారీలున్న ఆఫీసు, ఏ రాత్రయినా ఎక్కేస్తాడు. అప్పుడు పరీక్షా ఉండదు, మందూ ఉండదు.

నువ్వు ఎప్పుడూ ఇంతే. నాకు పదో తరగతిలో మార్కులు తగ్గితే నేను చెప్పేలోపే బడికి వెళ్లి హెడ్మాస్టరు ముందు నిలబెట్టావు. నీకు నిజం కావాలి, అది చెప్పే మనిషి ఏమైపోతాడన్నది తర్వాత. పెళ్లి వాయిదా వేయించు, ఒంట్లో బాగాలేదని చెప్పు, ఏదో ఒకటి చెప్పు. వాడికి ఇంకొంచెం టైము ఇవ్వు. నేను ఆగస్టు మొదట్లో సెలవు అడుగుతున్నాను, వచ్చి నేనే మాట్లాడతాను.

ఇది గడువు లోపల నీకు చేరదని తెలిసే రాస్తున్నాను. రాయకుండా ఉండలేక.

సాహిత్య


శాలిబండ,
30 జులై 2007

సాహిత్యా,

నీ ఉత్తరం జులై 9న చేరింది. నేను వెళ్లింది జులై 1న. మూడు వారాలు జవాబు రాయలేదు. హెడ్మాస్టరు సంగతి నిజం. అది నాకు గుర్తు లేదు, నీకు ఇరవై ఏళ్లయినా గుర్తుంది కనుక తప్పు నాదే అయి ఉంటుంది.

కానీ నువ్వు అనుకున్నట్టు నేను వాడి సంగతి చెప్పలేదు. జూన్ ఉత్తరంలో సంతోష్‌నగర్ వెళతానని రాశాను, ఏం చెబుతానో రాయలేదు. నాకే అప్పటికి తెలియదు. అమృతను మేడ మీదికి పిలిచి కూర్చోబెట్టి, "పెళ్లికి ముందు నువ్వు రక్తపరీక్ష చేయించుకో, వాణ్ణీ నీతో రమ్మను. ఇద్దరి కాగితాలూ ఒకరివి ఒకరు చూసుకోండి" అన్నాను. "మామ్మగారూ, మీరు నన్ను అడగమంటున్నారా, మానుకోమంటున్నారా?" అంది. అడగమన్నాను. "సరే, అడుగుతాను" అంది. ఇంకేమీ అడగలేదు. లెక్కల టీచరు కదా, మిగతాది తనే వేసుకుంది.

ఆమె వాడికి ఫోన్ చేసి, గురువారం తొమ్మిదింటికి పెద్దాసుపత్రి పరీక్షల గదిలో ఉంటానని మాత్రం చెప్పింది. వాడు ఆ మూడురోజులూ పారిపోతాడేమోనని నువ్వు భయపడ్డట్టే నేనూ భయపడ్డాను. గురువారం పొద్దున షర్టు ఇస్త్రీ చేసుకొని వెళ్లాడు. నేను వెనకాల ఆటోలో వెళ్లి వరండాలో బల్ల మీద కూర్చున్నాను.

అక్కడ పరీక్షకు వచ్చినవాళ్లకు సలహా చెప్పే ఇస్సాకు అనే ఆయన ముందు ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి రక్తం తీయించాడు. గంటన్నరకు మళ్లీ ఒక్కొక్కరినే పిలిచాడు. ముందు అమృత బయటికి వచ్చింది. ఆమెకు ఏమీ లేదు. ఫణి లోపల నలభై నిమిషాలు ఉన్నాడు. వచ్చి ఆమె పక్కన కూర్చుని, చేతిలో కాగితం ఆమెకు ఇచ్చాడు. తానుగా ఇచ్చాడు, ఎవరూ అడగలేదు. మూడు రకాలుగా చూశారట, మూడింటిలోనూ ఉంది.

అమృత కాగితం చదివి తిరిగి వాడి చేతిలో పెట్టింది. "నువ్వు వస్తావని అనుకోలేదు" అంది. అంత చిన్నగా అన్న మాట నాకు ఎలా వినిపించిందో తెలియదు. పెదవులు చూసి ఉంటాను.

పెళ్లి ఆగిపోయింది. పిల్లవాడు నచ్చలేదని తండ్రి రాధాకృష్ణమూర్తి గారికి చెప్పిందట. ఇంకో మాట చెప్పలేదు. కుదిరిన సంబంధం చెడగొట్టిందని ఆ ఇంట్లో ఇప్పుడు ఆ పిల్లనే అంటున్నారు. ఆయన నా దగ్గరికి వచ్చి కూతురి తరఫున క్షమించమని చేతులు జోడించాడు. నేను నిలబడి ఆ నమస్కారం తీసుకున్నాను. నిజం చెప్పకుండా ఉండడం ఇంత బరువని నాకు ఇన్నేళ్లూ తెలియదు. నువ్వు రోజూ ఎలా మోస్తున్నావో.

ఫణికి ఇంకో పరీక్ష చేశారు. రక్తంలో కణాల లెక్క 412 ఉంది. అంత ఉన్నవాళ్లకు మందులు అప్పుడే మొదలుపెట్టరట, ఆరు నెలలకోసారి చూస్తారు. తేదీలు గోడ క్యాలెండర్లో గుర్తు పెట్టాను. పది రోజులు గదిలోంచి రాలేదు. తర్వాత ఆఫీసుకు వెళ్లడం మొదలుపెట్టాడు. లారీల వెంట పోవడం మాని బుకింగులో కూర్చుంటున్నాడు. లాల్‌దర్వాజా బోనాలకు మైకులు కట్టారు, ఈ ఏడు నాకు సరిగ్గా వినిపించేవి అవే. వాడు కిటికీ మూస్తాడు, నేను తీస్తాను. మా మధ్య మాటలు అంతవరకే.

మొన్న శనివారం అన్నం తింటూ తనే నోరు విప్పాడు. నాగపూర్ దారిలో వాడితో వెళ్లిన డ్రైవర్లలో సోమయ్య ఒకడు. షాద్‌నగర్ దగ్గర ఇల్లు, భార్యకు ఇప్పుడు అయిదో నెల. "వానికి నేను చెప్తేనే తెలుస్తది మామ్మా. ఇంకెవరు చెప్తరు?" అన్నాడు. నీ సంగతి వాడికి తెలిసిపోతుంది కదా, ఆఫీసంతా తెలుస్తుంది కదా అన్నాను. ఆ మాట అన్నది నేనే. వాడు తల ఊపి తినడం పూర్తి చేశాడు.

ఇవాళ పొద్దున ఎనిమిదింటికి సోమయ్యను ఆసుపత్రికి తీసుకెళ్లడానికి బయల్దేరాడు. నేను గుమ్మం దాకా వెళ్లి, సోమయ్య మధ్యలో వెనక్కి తిరిగితే ఏం చేస్తావని అడిగాను. "ముందు నా కాగితం చూపిస్త. గప్పుడు గూడ రానంటే వాని ముంగట కూసుంట, వచ్చేదాంక" అన్నాడు.

ఒంటిగంట అయింది, ఇంకా రాలేదు.

నువ్వు సెలవు వృథా చేసుకొని పరిగెత్తుకు రావద్దు. రావాలనిపిస్తే మాత్రం రా.

మామ్మ